అంతరిక్షంలో సూర్యశక్తి – నేలమీద మన కర్తవ్యం

(కర్గీ రోడ్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



అధ్యయన తరగతి అనగానే వేతన సంఘం, పెన్షన్, ఖాళీ పోస్టుల భర్తీ వంటి విషయాలను గూర్చి వినడానికి సిద్ధపడి వచ్చిన మీకు, అంతరిక్షంలో సౌరవిద్యుత్తు అనే అంశం వింతగా తోచవచ్చు. కాని ఈ అంశాన్ని ఎన్నుకొనడానికి మాకు తగిన కారణం ఉన్నది. బిలాస్‌పూర్ నుండి కట్నీ పోయే ఈ మార్గంలో కర్గీ రోడ్ స్టేషను మీదుగా రాత్రింబవళ్ళు బొగ్గు రేక్‌లు సాగిపోతూ ఉంటాయి. ఖోంగ్‌సరా, భన్వర్ టోంక్ కొండల మీదికి ఆ రేక్‌లను ఎక్కించే లోకో పైలట్లు, వాటికి దారి ఇచ్చే స్టేషన్ మాస్టర్లు, పట్టాలు కాపాడే ట్రాక్‌మన్లు మన సోదరులే. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఈ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలా వాటికి అన్నం పెట్టింది ఈ సరుకు రవాణాయే. బొగ్గు స్థానంలోకి సూర్యుడు వస్తున్నాడని ప్రభుత్వాలు చెబుతున్న ఈ రోజులలో, ఆ మార్పు ఎంతవరకు నిజం, ఎంతవరకు ప్రచారం, అది ఎవరి భుజాల మీద పడుతుంది అనేది తెలుసుకొనడం మన సంఘాల కనీస బాధ్యత.

ఈ కోటా పట్టణంలోనే సర్ సి.వి. రామన్ పేరు పెట్టుకొన్న విశ్వవిద్యాలయం 2006 నుండి నడుస్తున్నది. కాంతిని గూర్చి జీవితాంతం పరిశోధించిన మహనీయుని పేరు నిత్యం వినబడే ఊరిలో కాంతి నుండి పుట్టే విద్యుత్తును గూర్చి మాట్లాడుకొనడం అసందర్భం కాదు.

వెలుతురు నుండి విద్యుత్తు

ముందు మూలవిషయం చెప్పుకుందాం. కొన్ని పదార్థాల మీద వెలుతురు పడినప్పుడు విద్యుత్ ప్రవాహం పుడుతుందని ఫ్రాన్స్ శాస్త్రజ్ఞుడు బెకరెల్ 1839లోనే గమనించాడు. కాంతి చిన్న చిన్న శక్తి పొట్లాలుగా వచ్చి లోహంలోని ఎలక్ట్రాన్లను వెలికి నెడుతుందని ఐన్‌స్టీన్ 1905లో వివరించాడు. ఆయనకు 1921 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది ఈ వివరణకే. అయితే పనికివచ్చే సౌర ఘటం తయారైనది 1954లో. అమెరికాలోని బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో ఛాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు సిలికాన్‌తో చేసిన ఆ ఘటం, తనమీద పడిన వెలుతురులో సుమారు ఆరు శాతాన్ని విద్యుత్తుగా మార్చింది. మరుసటి ఏడే జార్జియా రాష్ట్రంలో ఒక పల్లెటూరి టెలిఫోన్ లైనుకు దానిని అమర్చి చూశారు. అనగా సౌర ఘటం పుట్టింది టెలిఫోన్ కార్మికుల ముంగిట్లోనే. తంతి, తపాలా ఒకే శాఖగా ఉన్న కాలాన్ని ఎరిగిన మనకు ఇది ఆప్తంగా ఉండే విషయం.

ఆ రోజులలో ఆ ఘటం బంగారంకన్న ప్రియం. నేలమీద దానికి గిరాకీ లేదు. అంతరిక్షం దానికి మొదటి ఆశ్రయం ఇచ్చింది. 1958 మార్చిలో అమెరికా ప్రయోగించిన వాన్‌గార్డ్–1 ఉపగ్రహం సౌర ఘటాలతో పనిచేసింది. 1975 ఏప్రిల్ 19న సోవియట్ గడ్డ మీద నుండి కక్ష్య చేరిన మన ఆర్యభట కూడ సౌర ఘటాల ఆధారంతో నడిచినదే. నేడు మన శ్రీహరికోట నుండి ఎగిరే ఉపగ్రహాలు రెక్కల వలె చాచుకొనే ఫలకాలు అవే. అంతరిక్షంలో సూర్యశక్తిని సేకరించడం కొత్త సంగతి కాదు. అక్కడ సేకరించిన శక్తిని నేలకు దింపడమే కొత్త సంగతి, అదే కష్టమైన సంగతి.

గ్లేజర్ ప్రతిపాదన

1968లో పీటర్ గ్లేజర్ అనే ఇంజనీరు అమెరికాలోని సైన్స్ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించాడు. భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున, భూమితో పాటు తిరుగుతూ ఒకేచోట నిలిచినట్లు కనబడే కక్ష్యలో పెద్ద సౌర ఫలకాలను నిలపాలి. అక్కడ పుట్టిన విద్యుత్తును మైక్రోవేవ్ తరంగాలుగా మార్చి భూమి మీదికి పంపాలి. నేలమీద పరచిన యాంటెన్నాల వలతో ఆ తరంగాలను పట్టుకొని మళ్ళీ విద్యుత్తుగా మార్చాలి – ఇది ఆయన ప్రతిపాదన. 1973లో దానికి పేటెంటు కూడ లభించింది.

ఎందుకింత దూరం పోవాలి? లెక్క చూడండి. వాతావరణానికి పైన ఒక చదరపు మీటరు మీద పడే సూర్యశక్తి సుమారు 1,361 వాట్లు. అక్కడ మబ్బు లేదు, వాన లేదు, ధూళి లేదు. వసంత, శరద్ విషువత్తుల సమయంలో భూమి నీడ పడే కొద్ది నిమిషాలు తప్ప రాత్రి అనేదే లేదు. ఆ నీడ కూడ అత్యధికంగా రోజుకు 72 నిమిషాలు. అంటే ఒక చదరపు మీటరుకు రోజుకు 32 యూనిట్లకు పైగా సూర్యశక్తి అందుతుంది. మన ఛత్తీస్‌గఢ్‌లోనో, ఆంధ్రలోనో అదే చదరపు మీటరుకు ఏడాది సగటున రోజుకు సుమారు 5 యూనిట్లు అందుతుంది. వానాకాలంలో ఇంకా తగ్గుతుంది. అందువలన పైన ఉన్న ఫలకం కింద ఉన్న ఫలకానికి ఆరు రెట్ల బలం కలది. వినడానికి ఎంతో ఆకర్షణీయమైన లెక్క ఇది.

శక్తిని తీగ లేకుండా పంపడం సాధ్యమా అనే సందేహం సహజం. సాధ్యమే. 1964లో విలియం బ్రౌన్ అనే ఇంజనీరు మైక్రోవేవ్ శక్తితో ఒక చిన్న హెలికాప్టర్ నమూనాను గాలిలో నిలిపి చూపాడు. 1975లో కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ వద్ద ఒకటిన్నర కిలోమీటర్ల దూరానికి 30 కిలోవాట్లకు పైగా శక్తిని పంపి పట్టుకొన్నారు. అందుకొనే చోట పడిన తరంగ శక్తిలో ఎనభై శాతానికి పైగా విద్యుత్తుగా మారింది.

ఆ తరువాత 1970 దశకం చివరలో అమెరికా ఇంధన శాఖ, నాసా కలిసి ఒక పూర్తి నమూనా లెక్క వేశాయి. 5,000 మెగావాట్లు ఇచ్చే ఒక్కొక్క ఉపగ్రహానికి 10 కిలోమీటర్ల పొడవు, 5 కిలోమీటర్ల వెడల్పు గల సౌర ఫలకం కావాలి. శక్తిని పంపే యాంటెన్నా ఒక కిలోమీటరు వ్యాసం ఉండాలి. నేలమీద పట్టుకొనే వల సుమారు 10 కిలోమీటర్లకు 13 కిలోమీటర్లు ఉండాలి. టార్చిలైటు దూరం పోయేకొలది వెలుతురు పరచుకొనే విధంగానే, ఇంత దూరం నుండి వచ్చే తరంగ పుంజం కూడ విస్తరిస్తుంది. చిన్న యాంటెన్నాతో చిన్న వలలో పట్టుకొనడం ప్రకృతి నియమం ఒప్పుకొనదు. కాబట్టి ఈ పద్ధతిలో చిన్నగా మొదలుపెట్టి క్రమంగా పెంచుకొనే వీలు చాలా తక్కువ.

పుంజం కింద మనుషులు, పశువులు మాడిపోరా అని అడుగుతారు. ఆ నమూనాలో పుంజం మధ్యభాగాన తీవ్రత చదరపు మీటరుకు 230 వాట్లు. మధ్యాహ్నపు ఎండ సుమారు 1,000 వాట్లు. ఆయుధం వలె కాల్చివేసే తీవ్రత కాదు అది. అయినా దీర్ఘకాలం దాని కింద పనిచేసే కార్మికునికి ఏమి జరుగుతుందనేది పరిశోధించకుండా ఎవరూ భరోసా ఇవ్వలేరు. ఆ వల కింద మరమ్మతు చేసేది మనవంటి వారే కనుక ఈ ప్రశ్నను మనమే ముందుగా అడగాలి.

బరువు లెక్క

ఈ ప్రతిపాదన ఎందుకు ఆగిపోయిందో రైల్వే వారికి ఒక్క మాటలో చెప్పవచ్చు – లోడింగ్. ఆ ఉపగ్రహం ఒక్కొక్కటి 35,000 నుండి 50,000 టన్నుల బరువు తూగుతుందని అంచనా వేశారు. కనీసపు అంచనా 35,000 టన్నులే తీసుకుందాం. మనకు అది పెద్ద బరువేమీ కాదు. ఒక బొగ్గు రేక్ సుమారు నాలుగు వేల టన్నులు మోస్తుంది. తొమ్మిది రేక్‌లు చాలు. బిలాస్‌పూర్ డివిజన్ ఒక పూటలో కదిలించే సరుకు అది. కాని ఆకాశ మార్గంలో లెక్క వేరు. మన దేశపు అత్యంత శక్తివంతమైన రాకెట్ ఎల్.వి.ఎం.–3 ఆ ఎత్తుకు పోయే మార్గంలోనికి ఒక్కసారికి సుమారు నాలుగు టన్నులు చేర్చగలదు. ఆ తొమ్మిది రేక్‌ల బరువు పైకి చేర్చడానికి దాదాపు తొమ్మిది వేల ప్రయోగాలు కావాలి. రోజుకొకటి చొప్పున పంపినా ఇరవై నాలుగు సంవత్సరాలు పడుతుంది. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1981లో ఈ పథకాన్ని పరిశీలించి, రాబోయే పదేండ్ల వరకు దీని అభివృద్ధికి నిధులు కేటాయించవద్దని సలహా ఇవ్వడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఆలోచన చావలేదు. 2010 నవంబరులో మన మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాం, అమెరికాలోని నేషనల్ స్పేస్ సొసైటీతో కలిసి అంతరిక్ష సౌరశక్తి కోసం ఒక సంయుక్త కార్యక్రమాన్ని ప్రకటించారు. 2015లో జపాన్ అంతరిక్ష సంస్థ 55 మీటర్ల దూరానికి 1.8 కిలోవాట్ల శక్తిని గురి తప్పకుండా పంపింది. 2022లో చైనాలోని షిడియన్ విశ్వవిద్యాలయం 75 మీటర్ల ఎత్తు గల ఉక్కు గోపురం మీద పూర్తి ప్రయోగ వ్యవస్థను నిలిపింది. 2023 జనవరిలో అమెరికాలోని కాల్‌టెక్ విద్యాసంస్థ ఒక ప్రయోగ ఉపగ్రహ పరికరాన్ని కక్ష్యకు పంపింది. అదే ఏడు అది అంతరిక్షంలో తీగ లేకుండా శక్తిని పంపి, భూమి మీద తమ కట్టడం కప్పుపైన గుర్తించదగిన సంకేతాన్ని కూడ దింపింది. యూరపు అంతరిక్ష సంస్థ సోలారిస్ అనే పరిశీలనను చేపట్టింది.

మరి ఖర్చు? 2024 జనవరిలో నాసా వెలువరించిన నివేదిక, 2050 నాటికి ఇటువంటి వ్యవస్థను నెలకొల్పితే నేలమీది పునరుత్పాదక విద్యుత్తుకన్న 12 నుండి 80 రెట్లు ఎక్కువ ఖర్చు కావచ్చునని లెక్క కట్టింది. ప్రయోగ ఖర్చు, తయారీ ఖర్చు, ఫలకాల సామర్థ్యం, ఆయుర్దాయం అన్నీ కలిసి ఎంతో మెరుగైతే పోటీకి నిలబడవచ్చునని కూడ ఆ నివేదికే అన్నది. శాస్త్రం అసాధ్యమని చెప్పలేదు; నేటి లెక్కలో గిట్టదని చెప్పింది.

ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. పైన ఆరు రెట్ల శక్తి దొరుకుతుందన్నాం. కాని విద్యుత్తును తరంగంగా మార్చడం, పంపడం, పట్టుకొనడం, తిరిగి మార్చడం – ఈ నాలుగు మజిలీలలో ప్రతిచోటా కొంత నష్టమవుతుంది. 1975లో ప్రయోగశాలలో ఈ మొత్తం గొలుసు సామర్థ్యం 54 శాతం వచ్చింది. అనగా ఆరు రెట్ల లాభంలో సుమారు సగం దారిలోనే పోతుంది. మిగిలేది మూడు రెట్లు. అప్పుడు ప్రశ్న ఇలా మారుతుంది: ఒక ఫలకాన్ని రాకెట్ మీద ఆకాశానికి పంపడం చౌకా, మూడు ఫలకాలను నేలమీద పరచి పక్కన ఒక బ్యాటరీ పెట్టడం చౌకా? గ్లేజర్ కాలంలో ఫలకమే అతి ప్రియం కనుక ఆయన ఒక ఫలకం నుండి అత్యధిక ఫలితం రాబట్టాలని చూశాడు. ఆ తరువాతి అర్ధ శతాబ్దంలో ఫలకం ధర కూలిపోయింది. ఆకాశ పథకానికి అసలు పోటీదారు బొగ్గు కాదు, నేలమీది సౌర ఫలకమే.

నేలమీద వచ్చిన మార్పు

మన దేశంలో జాతీయ సౌర మిషన్ 2010 జనవరిలో ప్రారంభమైంది. ఆ ఏడాది చివర జరిగిన తొలి వేలంలో అతి తక్కువ ధర యూనిట్‌కు పది రూపాయలకు పైగానే పలికింది. 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లా వేలంలో 2 రూపాయల 44 పైసలకు, 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో 1 రూపాయి 99 పైసలకు దిగింది. 2014లో మూడు వేల మెగావాట్లకు లోపుగా ఉన్న దేశ సౌర సామర్థ్యం 2025 జనవరిలో లక్ష మెగావాట్లు దాటింది. కర్నూలు జిల్లాలో 1,000 మెగావాట్ల సౌర పార్కు 2017లో పూర్తయింది. రామగుండంలో ఎన్.టి.పి.సి. జలాశయం నీటి మీద తేలే 100 మెగావాట్ల కేంద్రం 2022 జూలైలో పూర్తిస్థాయిలో పనిచేయసాగింది. బొగ్గు గనుల ఊరిలో, థర్మల్ కేంద్రపు చెరువు మీదనే సౌర ఫలకాలు తేలుతున్నాయంటే కాలం ఎటు నడుస్తున్నదో గ్రహించవచ్చు.

ఫలకాల లోపల కూడ మార్పులు వచ్చాయి. 1954లో ఆరు శాతంగా ఉన్న సామర్థ్యం నేడు బజారులో దొరికే మంచి ఫలకాలలో 22, 23 శాతానికి చేరింది. వెనుక వైపు పడే వెలుతురును కూడ వాడుకొనే రెండు ముఖాల ఫలకాలు వచ్చాయి. ఒకే పొర సిలికాన్ ఘటం సుమారు మూడింట ఒక వంతుకు మించి మార్చలేదని 1961లోనే షాక్లీ, క్వైసర్ అనే శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. ఆ హద్దు దాటడానికి సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ అనే మరొక పొర వేసి, ఒక పొర వదిలిన వెలుతురును రెండవ పొర పట్టుకొనేటట్లు చేస్తున్నారు. 2025 ఏప్రిల్‌లో చైనాకు చెందిన లాంగీ సంస్థ ఇటువంటి జంట ఘటంతో ప్రయోగశాలలో 34.85 శాతం సాధించింది. అయితే ఆ పదార్థం తేమకు, వేడికి త్వరగా పాడవుతుంది. ఇరవై అయిదేండ్లు ఎండలో నిలబడగలదని ఇంకా రుజువు కావలసి ఉన్నది.

మన వాతావరణం విషయం కూడ చెప్పాలి. ఫలకం మీద రాసి ఉండే శక్తి 25 డిగ్రీల వేడి దగ్గర లెక్కించినది. మే నెలలో బిలాస్‌పూర్ ఎండకు ఫలకం ఉపరితలం 60 డిగ్రీలు దాటుతుంది. ఒక్కొక్క డిగ్రీకి సుమారు మూడింట ఒక శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుంది. అందువలన ఎండ ఎక్కువైనకొద్దీ కరెంటు ఎక్కువ అనుకోవడం పొరపాటు. దానికి తోడు బొగ్గు సైడింగుల దగ్గర ధూళి. తుడిచేవాడు లేకపోతే ఫలకం పనిచేయదు. ఆ తుడిచేవాని మాట కాసేపట్లో చెబుతాము.

ఇక రాత్రి సమస్య. అంతరిక్ష పథకం వారి ప్రధాన వాదన ఇదే: నేలమీద రాత్రి సూర్యుడు లేడు. దీనికి సమాధానం మన జోన్ పరిధిలోనే ఒకటి లేచి నిలబడింది. రాజ్‌నాంద్‌గావ్‌లో భారత సౌరశక్తి కార్పొరేషన్ నెలకొల్పిన 100 మెగావాట్ల కేంద్రం 2024 ఫిబ్రవరిలో జాతికి అంకితమైంది. దాని పక్కన బ్యాటరీల నిలువ ఉన్నది. దాని శక్తి 40 మెగావాట్లు, నిలువ సామర్థ్యం 120 మెగావాట్ గంటలు. మన భాషలో లక్షా ఇరవై వేల యూనిట్లు. పొద్దుగూకిన తరువాత మూడు గంటల సేపు 40 మెగావాట్ల చొప్పున ఇవ్వగలదు. సాయంకాలపు రద్దీకి అది ఆదుకొంటుంది, తెల్లవార్లూ నడపదు. కాబట్టి రాత్రి బాధ్యత నేటికీ బొగ్గుదే, జలవిద్యుత్తుదే. ఈ నిజాన్ని ఎవరూ మరుగుపరచరాదు.

రైల్వేలలో, తపాలాలో

రైల్వేల సంగతికి వస్తే, 2014లో నాలుగు మెగావాట్లకు లోపుగా ఉన్న సౌర సామర్థ్యం 2025 నవంబరు నాటికి 898 మెగావాట్లకు, 2,626 స్టేషన్లకు చేరిందని ప్రభుత్వం ప్రకటించింది. అందులో సుమారు 70 శాతం రైళ్ళను నడిపే ట్రాక్షన్ కోసమే. గౌహతి స్టేషను 2018లో పూర్తిగా సౌర విద్యుత్తుతో నడిచే స్టేషనుగా పేరొందింది. దక్షిణ మధ్య రైల్వేలో నంద్యాల – ఎర్రగుంట్ల మార్గంలోని స్టేషన్లకు ఫలకాలు అమర్చి, దానిని ఆ జోన్‌లో మొదటి సౌర సెక్షన్‌గా ప్రకటించారు. మధ్యప్రదేశ్‌లోని బీనాలో 1.7 మెగావాట్ల కేంద్రం నుండి నేరుగా 25 కిలోవోల్టుల ఓవర్‌హెడ్ తీగకు విద్యుత్తు ఎక్కించే ఏర్పాటు 2020లో చేశారు. మన భిలాయి దగ్గర చరోదాలో రైల్వే ఖాళీ స్థలంలో 50 మెగావాట్ల కేంద్రాన్ని చేపట్టారు. 2025 ఆగస్టులో వారణాసి లోకోమోటివ్ కర్మాగారంలో పట్టాల మధ్యనే, అవసరమైనప్పుడు తీసివేయగల 28 ఫలకాలను 70 మీటర్ల మేర పరచి చూశారు. పట్టాల మధ్య ఫలకం పెడితే ట్రాక్‌మన్ ప్యాకింగ్ ఎట్లా చేయాలి, తీసి పెట్టే పని ఎవరిది అనే ప్రశ్న ఇంజనీర్లకన్న ముందు మనకు తట్టాలి.

తపాలా శాఖలో 2017 డిసెంబరులో ప్రారంభమైన దర్పణ్ పథకం కింద దేశంలోని దాదాపు లక్షా ముప్పై వేల గ్రామీణ బ్రాంచి పోస్టాఫీసులకు చేతి పరికరాలను, వాటికి సౌరశక్తితో ఛార్జింగ్ సదుపాయాన్ని సమకూర్చారు. కరెంటు నిలకడ లేని అడవి పల్లెలో ఉపాధి కూలి డబ్బు, వృద్ధాప్య పెన్షన్ ఆ చిన్న ఫలకం వెలుగుతో చెల్లింపు కావడం చిన్న విషయం కాదు. లక్షల కోట్ల అంతరిక్ష పథకంకన్న, అచానక్‌మార్ అడవి అంచున ఒక గ్రామీణ డాక్ సేవక్ చేతిలోని ఆ పరికరమే సౌరశక్తి సాధించిన నిజమైన విజయమని మేము భావిస్తున్నాము. ఛత్తీస్‌గఢ్‌లో క్రెడా అనే రాష్ట్ర సంస్థ వందలాది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు సౌర విద్యుత్తు అమర్చడం వలన రాత్రివేళ కాన్పులకు దీపం, టీకాలకు చల్లదనం లభించిన మాట కూడ ఇక్కడ చెప్పుకోదగినది.

బొగ్గు, మన కొలువు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 2023–24లో భారత రైల్వేలు మోసిన 158 కోట్ల టన్నుల పైచిలుకు సరుకులో సుమారు సగం బొగ్గే. ఆగ్నేయ మధ్య రైల్వేకు బొగ్గు ప్రాణాధారం. గెవరా గనులు, కోర్బా, 2,980 మెగావాట్ల సీపత్ థర్మల్ కేంద్రం మన చుట్టూ ఉన్నవే. బొగ్గు తగ్గితే మొదట ఆగేది రేక్. రేక్ ఆగితే క్రూ లింకులు తగ్గుతాయి, యార్డు పలుచనవుతుంది, సైడింగు మూతపడుతుంది, ఆ సైడింగును ఆశ్రయించిన హమాలీ, టీ బడ్డీ, లారీ క్లీనరు వీధిన పడతారు.

ఇది రేపే జరుగుతుందా? జరగదు. దేశపు బొగ్గు ఉత్పత్తి 2024–25లో మొదటిసారిగా నూరు కోట్ల టన్నులు దాటింది. స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదే అయిందని 2025లో ప్రకటించారు. కాని సామర్థ్యం వేరు, వాస్తవంగా పుట్టే విద్యుత్తు వేరు. సూర్యుడు రోజులో కొన్ని గంటలే పనిచేస్తాడు కనుక, దేశంలో వాడుతున్న విద్యుత్తులో ఎక్కువ భాగం నేటికీ బొగ్గు నుండే వస్తున్నది. అందువలన భయపడి పరుగెత్తవలసిన పని లేదు. అట్లని నిద్రపోయే వ్యవధి కూడ లేదు. 2070 నాటికి నికర ఉద్గారాలు సున్న చేస్తామని దేశం, 2030 నాటికే చేస్తామని రైల్వేలు ప్రకటించి ఉన్నాయి.

మనం ఇటువంటి మార్పులు చూడనివారం కాము. చిత్తరంజన్ కర్మాగారం బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజన్ల తయారీని 1970లో, మీటరుగేజి వాటిని 1972లో ఆపివేసింది. తరువాత పాతికేండ్లకు ప్రధాన మార్గాల మీద ఆవిరి ఇంజను కనబడకుండా పోయింది. ఫైర్‌మన్ అనే హోదా, లోకో షెడ్డు చుట్టూ అల్లుకొన్న జీవితం మాయమయ్యాయి. 2013 జూలైలో టెలిగ్రాము సేవ ముగిసింది. ఈ రెండు సందర్భాలలోను యంత్రాన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఆవిరి ఇంజను పొగను తిరిగి కోరే కార్మికుడు నేడు ఎక్కడా లేడు. సంఘాలు ముందుగా మేల్కొని, మారిన పనికి శిక్షణ, సీనియారిటీ, వేతన రక్షణ సాధించిన చోట కార్మికుడు నిలిచాడు. ఆలస్యంగా మేల్కొన్న చోట మిగులు సిబ్బంది జాబితాలో చేరాడు. చరిత్ర మనకు నేర్పిన పాఠం ఇది.

ఈ కొత్త విద్యుత్తులో ఉద్యోగ స్వభావం కూడ గమనించండి. స్టేషన్ కప్పుల మీది ఫలకాలలో అధిక భాగం డెవలపర్ పద్ధతిలో నెలకొల్పుతున్నారు. పెట్టుబడి, యాజమాన్యం ప్రైవేటు సంస్థది. కప్పు, స్థలం రైల్వేది. పుట్టిన విద్యుత్తును ఇరవై అయిదేండ్ల ఒడంబడిక మీద రైల్వే కొంటుంది. తుడిచేవాడు, బిగించేవాడు కాంట్రాక్టు కార్మికుడు. మన కప్పు మీద పని, మన రిజిస్టరులో లేని మనిషి. ఆ పనిలో ప్రమాదం తక్కువ కాదు. వెలుతురు ఉన్నంతసేపు ఫలకాన్ని ఆపివేసే స్విచ్ లేదు. వరుసగా కలిపిన ఫలకాలలో వందల వోల్టుల డి.సి. విద్యుత్తు ఉంటుంది. ఎ.సి. విద్యుత్తు సెకనుకు నూరుసార్లు సున్నకు దిగుతుంది కనుక అందులో నిప్పురవ్వ తెగిపోవడానికి అవకాశం ఉన్నది, డి.సి.లో ఆ అవకాశం లేదు, రవ్వ అంటుకొంటే నిలిచి మండుతుంది. మన ఎలక్ట్రికల్ శాఖ సోదరులకు ఇది తెలుసు. చీపురు చేతికిచ్చి కప్పు ఎక్కించిన దినకూలి కుర్రవానికి తెలియదు.

మన కోర్కెలు

ఈ పరిస్థితిని పురస్కరించుకొని మేము ఈ తరగతి ముందు ఉంచుతున్న కోర్కెలు ఇవి:

1. రైల్వే, తపాలా ఆవరణలలోని సౌర పరికరాల నిర్వహణను శాశ్వత పనిగా గుర్తించి, దానికి శాఖలోనే పోస్టులు మంజూరు చేయాలి. అంతవరకు కాంట్రాక్టు కార్మికులకు కనీస వేతనం, ప్రావిడెంట్ ఫండ్, ఈ.ఎస్.ఐ. అమలు జరుగుతున్నదీ లేనిదీ ప్రధాన యజమానిగా శాఖ తనిఖీ చేయాలి.

2. డి.సి. విద్యుత్తు, ఎత్తు మీద పని, బ్యాటరీ ప్రమాదాలను గూర్చి ప్రత్యేక శిక్షణ లేకుండా ఎవరినీ కప్పు ఎక్కించరాదు. రబ్బరు చేతి తొడుగులు, నడుము పట్టీ ఇవ్వడం దయ కాదు, బాధ్యత.

3. బ్రాంచి పోస్టాఫీసులకు ఇచ్చే సౌర ఫలకం, బ్యాటరీ, ఛార్జర్ మరమ్మతు, మార్పిడి ఖర్చు పూర్తిగా శాఖ భరించాలి. బ్యాటరీ కొన్నేండ్లలో అరిగిపోవడం సహజం. ఆ అరుగుదల గ్రామీణ డాక్ సేవక్ జేబు మీద పడరాదు.

4. ఇంటి కప్పు మీద ఫలకాలు పెట్టుకొనే కుటుంబాలకు 2024 ఫిబ్రవరిలో వచ్చిన కేంద్ర పథకం కింద 78,000 రూపాయల వరకు సహాయం ఉన్నది. సొంత కప్పు లేని క్వార్టర్ల నివాసులు దాని వెలుపల మిగిలిపోతున్నారు. కాలనీల కప్పుల మీద శాఖయే ఫలకాలు అమర్చి, ఆ మేరకు విద్యుత్ బిల్లు తగ్గించాలి.

5. బొగ్గు రవాణా మీద ఆధారపడిన డివిజన్లలో రాబోయే పదేండ్ల రవాణా అంచనాను సంఘాల ముందుంచాలి. ఏ సైడింగు, ఏ క్రూ లాబీ ఎప్పుడు తగ్గబోతుందో ముందే చెప్పి, మార్పుకు ముందుగానే శిక్షణ ఇవ్వాలి. గనులు, విద్యుత్ కేంద్రాలు, రైల్వే సంఘాలు కలిసి కూర్చునే వేదిక కోర్బా, బిలాస్‌పూర్‌లలో ఏర్పడాలి.

6. ఆయుర్దాయం తీరిన ఫలకాలను ఇ–వ్యర్థాల నియమాల ప్రకారం సేకరించాలి. యార్డు మూలల గుట్టలుగా వేసి ఏరుకునే పిల్లల పాలు చేయరాదు.

అంతరిక్ష పరిశోధన మాట ఏమిటని అడుగుతారు. అది సాగాలి. 1954లో ఆరు శాతం ఘటాన్ని చూసి ఇది గిట్టదని పారవేసి ఉంటే నేడు బ్రాంచి పోస్టాఫీసులో దీపం ఉండేది కాదు. అయితే ఆ పరిశోధన ప్రజాధనంతో, ప్రభుత్వ రంగంలో, ప్రజలకు లెక్క చెప్పే సంస్థల చేతిలో జరగాలి. ఒక కేంద్రపు వల పరచడానికి నూరు చదరపు కిలోమీటర్ల నేల కావాలన్నప్పుడు, ఆ నేల ఎవరిదని అడిగే హక్కు గిరిజన రైతుకు ఉండాలి. ఆకాశంలోని రేపటి విద్యుత్తును చూపి నేటి వేతనాన్ని, నేటి భద్రతను వాయిదా వేయరాదు.

సోదరులారా, సూర్యుడు వెలుతురుకు ధర అడగడు. ధర నిర్ణయించేది కంపెనీలు, ఒడంబడికలు, ప్రభుత్వాలు. ఆ ఒడంబడికలలో పనిచేసేవాని పేరు కూడ రాయించడమే సంఘం పని. ఈ తరగతి నుండి మీ మీ శాఖలకు తిరిగి వెళ్ళి, మీ స్టేషను కప్పు మీద, మీ పోస్టాఫీసు ముంగిట ఎన్ని ఫలకాలు ఉన్నాయో, వాటిని ఎవరు తుడుస్తున్నారో, ఆ మనిషికి ఎంత ముడుతున్నదో వివరాలు సేకరించి పంపండి. ఆ జాబితాయే మన తదుపరి సంప్రదింపులకు ఆధారం అవుతుంది.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!